చూపిస్తాను, ఇవ్వను

లాడ్జి, రెండో అంతస్తు, కిటికీ లేని గది
ఆదివారం

అక్కా,

ఫోనులో ఆఁ, ఊఁ తప్ప ఏమీ చెప్పనని తిట్టావు కదా, ఇదిగో, కాగితం నింపుతున్నాను. కోడి కెలికినట్టుందని మళ్లీ తిట్టకు.

ఈ వారం ఒక తమాషా జరిగింది. పని ముగించుకుని సాయంత్రం వంతెన దాటుతుంటే పోలీసులు ఆపారు. భుజాన పనిముట్ల సంచీ ఉంది కదా, అందులో స్పానర్లు చూసి "తాళాలు పగలగొడతావా?" అన్నాడు ఒకడు. లిఫ్టులు బాగుచేస్తాను సార్ అన్నాను. కార్డు అడిగితే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకుని, "రేపు స్టేషనుకొచ్చి తీసుకో" అన్నాడు. మర్నాడు పని ముగిశాక వెళితే రాత్రి దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగోడ మీద బల్లి ఎన్ని పురుగులు మింగిందో అడుగు, చెబుతాను. చివరికి కార్డు ఇచ్చారు గానీ ఎందుకు తీసుకున్నారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

కార్డే కదా అనుకోకు. మా పనిలో కార్డంటే ప్రాణం. లిఫ్టు పైకీ కిందికీ తిరిగే ఆ బావిని మేం షాఫ్టు అంటాం. అందులోకి దిగేవాడు మెయిన్ స్విచ్చు ఆపి, తన గుర్తింపు కార్డు ఆ స్విచ్చుకు తగిలించి మరీ దిగాలి. కార్డు వేలాడుతున్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టు. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. ఇంకెవడూ, ఎంత పెద్దవాడైనా, ముట్టుకోకూడదు.

అందుకని ఆ రోజు నేను దిగలేదు. నా జోడీ ఉన్నాడే, బక్కాయన, నాకు పని నేర్పిన మేస్త్రీ, ఆయనే రెండు పూటలా దిగాడు. "నీ బొజ్జ అందులో ఇరుక్కుంటే లాగలేక చావాలి, నేనే దిగుతాలే" అని ఒక మాట కూడా అనేశాడు. యాభై దాటింది గానీ నోరు మాత్రం ముసలిదవలేదు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


లాయరుగారి ఆఫీసు, టైపుమిషను ముందు
బుధవారం

ఒరేయ్ మొద్దూ,

తమాషా అట! చదివి ఒళ్లు మండిపోయింది. ఎవరేది అడిగినా చేతిలో పెట్టేసి వచ్చే అలవాటు నీకు చిన్నప్పటిది. బళ్లో పలక ఇచ్చేసి వచ్చావు, చెప్పులు ఇచ్చేసి వచ్చావు. ఒకసారి నా గొడుగు కూడా ఇచ్చేసి తడుస్తూ వచ్చావు. నీ వెంట పడి అవన్నీ తిరిగి తేవడానికే నా బాల్యం సరిపోయింది.

మా లాయరుగారు మంచి మనసు మీద ఉన్నప్పుడు చూసి అడిగాను. ఆయన చెప్పింది చెబుతున్నాను, బుర్రకెక్కించుకో. పోలీసు ఆపితే ఎందుకు ఆపారో నువ్వు అడగవచ్చు. ఆయన పేరు అడగవచ్చు. కార్డు చూపించాలి, కానీ వదిలేసి రానక్కర్లేదు. ఉంచుకుంటామంటే రసీదు రాసివ్వాలి. అరెస్టు చెయ్యకపోతే వెళ్లవచ్చా అని అడిగి, వెళ్లిపోవచ్చు. నిజం కాని కాగితం మీద మాత్రం చచ్చినా సంతకం పెట్టకూడదు.

నువ్వెలాగూ మరచిపోతావు కాబట్టి చీటీ టైపు చేసి పంపుతున్నాను. నాలుగే వాక్యాలు.

సార్, నన్ను ఎందుకు ఆపారు?
సార్, మీ పేరు చెబుతారా?
కార్డు చూపిస్తాను, ఇవ్వను.
నేను వెళ్లవచ్చా?

అద్దం ముందు నిలబడి పదిసార్లు చదువు. గొంతు పెంచకు, చేతులు జేబుల్లో పెట్టకు. సార్ అనడం మానకు. ఆ సార్ నీ కోసమే, ఆయన కోసం కాదు. మీ బావ ఇది చూసి, "వాణ్ణి తన్నించడానికే రాస్తున్నావు" అంటున్నారు. ఆయన మాట పట్టించుకోకు, రోడ్డు మీద కుక్క మొరిగినా ఆయన దారి మార్చుకుంటారు.

అక్క


లాడ్జి
శుక్రవారం

అక్కా, అక్కా!

పనిచేసింది! నిన్న అదే వంతెన, అదే మనిషి. కార్డు అన్నాడు. నాలుగూ వరసగా అప్పజెప్పాను. కార్డును రెండు వేళ్లతో పట్టుకుని మొహం ముందు పెట్టాను, వదల్లేదు. వాడు నన్నూ కార్డునూ మార్చి మార్చి చూశాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్లంతా నోళ్లు తెరుచుకు చూస్తున్నారు. "పో, పో" అన్నాడు. అంతే! వంతెన దిగేదాకా నాకు నవ్వు ఆగలేదు.

లాడ్జిలో నేనిప్పుడు పెద్దమనిషిని. వంటవాడు, బట్టలు ఇస్త్రీ చేసే అతను, కింది గదిలోని ఇద్దరు రంగులవాళ్లు, అందరూ నీ చీటీ చూసి రాసుకున్నారు. బక్కాయన అయితే పని చేస్తూ కూడా అదే పాట. నేను స్పానరు అడిగితే "చూపిస్తాను, ఇవ్వను" అంటాడు.

ఒక్క సంగతి. ఇవాళ లాడ్జికి ఇంకొకాయన వచ్చాడు, ఆ వంతెన పోలీసుల పై అధికారి. చాలా మెత్తని మనిషి. గొంతు పెంచడు, బాబూ అంటాడు. "ఏదో చీటీ ఉందట, చూడొచ్చా బాబూ?" అన్నాడు. ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఎంత శుభ్రంగా టైపు చేశారు, ఎవరు?" అన్నాడు. మా అక్క, లాయరుగారి దగ్గర టైపిస్టు అని చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాననుకో. ఆ ఆఫీసు ఎక్కడ, నా పని ఎక్కడ అంటే అవీ చెప్పాను. చిన్న పుస్తకంలో రాసుకుని, చీటీ మడిచి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఫరవాలేదు, నాకు నోటికొచ్చేసింది.

నీ తమ్ముడు


ఆఫీసు
మంగళవారం

చిన్నోడా,

నువ్వు నిలబడ్డావని చదివి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. తరవాతి పేజీ చదివి అవి ఆవిరైపోయాయి.

చీటీలో ఏముంది? చూపిస్తాను, ఇవ్వను. చీటీనే ఇచ్చేసి వచ్చావు! నిన్ను ఏం చెయ్యాలి? అక్క ఎవరో, పని ఎక్కడో అడగడానికి ఆయనకు హక్కుందా, చెప్పడానికి నీకు అవసరముందా? అరిచే మనిషి అరిచి వెళ్లిపోతాడురా. బాబూ అని పుస్తకంలో రాసుకునేవాణ్ణి చూస్తేనే నాకు గుండె దడ.

కొన్నాళ్లు ఆ వంతెన మీద వెళ్లకు, చుట్టు తిరిగి వెళ్లు. లాడ్జిలో ఉపన్యాసాలు కూడా ఆపు. బక్కాయనకు కూడా చెప్పు, ఆ వయసులో ఆయనకు ఈ సరదాలు వద్దని.

నేను బాగానే ఉన్నాను. ఆఫీసులో పని కాస్త ఎక్కువగా ఉంది, ఇక్కడి సంగతులు రాయడానికి తీరిక లేదు.

అక్క


లాడ్జి
గురువారం

అక్కకు నమస్కారం.

నేను క్షేమం. నువ్వు, బావగారు క్షేమమని తలుస్తాను.

పని దగ్గర ప్రమాదం జరిగింది. బక్కాయన షాఫ్టులో ఉండగా లిఫ్టు కదిలింది, చనిపోయాడు. నాకు దెబ్బలేమీ తగలలేదు. మా కంపెనీ సూపర్‌వైజరు వారం రోజులు పనికి రావద్దన్నాడు. అన్నం వేళకు తింటున్నాను. ఇక్కడ వానలు పడుతున్నాయి.

కొంతకాలం ఉత్తరాలు రాయవద్దు.

ఇట్లు
నీ తమ్ముడు


ఇంటి నుంచి
శనివారం

ఒరేయ్,

ఇట్లు ఏమిటిరా, ఇట్లు? నాకు నువ్వెప్పుడైనా ఇట్లు అని రాశావా? ఒక్క కొట్టివేత లేదు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తప్పు చేసినప్పుడు తప్ప నువ్వింత కుదురుగా రాయవు. వానలు పడుతున్నాయట! నిన్నెవడడిగాడు వానల గురించి?

మనిషి లోపల ఉంటే స్విచ్చు ఎలా పడింది? కార్డు వేలాడుతుంటే ఎవరూ ముట్టుకోరన్నావు కదా. ఆ రోజు స్విచ్చుకు ఎవరి కార్డు ఉంది? నువ్వెక్కడున్నావు? ఈ మూడింటికీ జవాబు రాయి. నువ్వు ఏం చేసినా నా తమ్ముడివే, అది మారదు. కానీ నాకు తెలియాలి. రాత్రుళ్లు నిద్ర లేదు.

అక్క


లాడ్జి
మంగళవారం

అక్కా,

రాస్తాను. చదివి చింపెయ్.

ముందురోజు సాయంత్రం వంతెన మీద బక్కాయన్ని ఆపారు. నువ్వు వద్దన్నావని నేను చెప్పాను గానీ ఆయన వినే రకం కాదు. ఎంతో సరదాపడి "చూపిస్తాను, ఇవ్వను" అన్నాడట. చెయ్యి మెలిపెట్టి కార్డు లాక్కున్నారు. పొద్దున పనికొస్తే ఆయన దగ్గర కార్డు లేదు. లిఫ్టు ఆగి మూడు రోజులైందని సూపర్‌వైజరు తరుముతున్నాడు. నేను దిగుతానన్నాను. లిఫ్టు పెట్టె అడుగున బిగించాల్సిన బోల్టు నా చేతికి లొంగేది కాదు, ఆ పని ఆయనకే తెలుసు. "నీ కార్డు తగిలించు, నువ్వు స్విచ్చు దగ్గర నిలబడు, పది నిమిషాలు" అన్నాడు. ఒకరి కార్డు మీద ఇంకొకరు దిగడం మా పనిలో లేదక్కా. ఆ రోజు ఆ పని చేశాం. అది మా ఇద్దరి తప్పు.

ఆయన లిఫ్టు పెట్టె కింద ఉన్నాడు. నేను స్విచ్చు పక్కనే ఉన్నాను. చీటీ పట్టుకుపోయిన ఆ మెత్తనాయన భవనంలోకి వచ్చాడు. "కార్డు ఉందా బాబూ?" అన్నాడు. అదిగో సార్, స్విచ్చుకుంది, చూడండి అన్నాను. చూశాడు. "చేతికివ్వు" అన్నాడు. చూపిస్తాను సార్, ఇవ్వను, లోపల మనిషి ఉన్నాడు అన్నాను. ఆయన నవ్వాడు. తనే చెయ్యి చాపి కార్డు తీసి జేబులో వేసుకుని, బయట జీపు వైపు నడిచాడు.

నేను కదలకుండా ఉండాల్సింది. కార్డు పోతే పోనిమ్మని స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని నిలబడాల్సింది. పలక ఇచ్చినవాణ్ణి, గొడుగు ఇచ్చినవాణ్ణి, ఆ ఒక్కరోజు ఇవ్వకూడదని పంతం పట్టింది నాకు. ఆయన వెనక పరుగెత్తాను. జీపు దగ్గర నిలబెట్టి నీ నాలుగు వాక్యాలూ అన్నాను. పిల్లవాడు పద్యం అప్పజెబుతుంటే విన్నట్టు ఓపిగ్గా విన్నాడు. ఈలోగా సూపర్‌వైజరు వచ్చాడు. స్విచ్చుకు కార్డు లేదు, పక్కన మనిషి లేడు. పని అయిపోయిందనుకుని స్విచ్చు వేశాడు. నడుస్తోందో లేదో చూద్దామని తనే బటను నొక్కాడు. మోటారు చప్పుడు నాకు రోడ్డు మీదికి వినిపించింది.

ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. మెత్తనాయనే రాయించాడు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ చదివి వినిపించాడు. మొదటిదాని ప్రకారం, బక్కాయన కార్డు తగిలించకుండా తన ఇష్టానికి దిగాడు, తప్పంతా చచ్చిపోయినవాడిదే. రెండోదాని ప్రకారం, నేను నా చేత్తో కార్డు తీసుకుని, కాపలా వదిలి రోడ్డు మీద తిరిగాను, మనిషిని చంపింది నేనే. మొదటిదాని మీద నేను సాక్షి సంతకం పెడితే రెండోది చింపేస్తాడట. లేకపోతే రెండోదానికి సాక్షులు సిద్ధంగా ఉన్నారట. రెండు కాగితాల్లోనూ ఆయన లేడు. ఆయన ఆ రోజు అక్కడికి రానేలేదు.

వచ్చే సోమవారం రమ్మన్నాడు. ఏం చెయ్యను? నిజం కాని కాగితం మీద చచ్చినా సంతకం పెట్టవద్దన్నావు. నువ్వు మళ్లీ ఆ మాట చెబితే పెట్టను. నీ మాట కోసం చూస్తుంటాను.

నీ తమ్ముడు


ఇంటి నుంచి
గురువారం

చిన్నోడా,

సంతకం పెట్టెయ్.

నేను చెప్పినవన్నీ మరచిపో. మొదటి కాగితం మీద పెట్టెయ్, పెట్టి బయటపడు. బక్కాయన పోయాడు, ఆయనకిక ఏదైనా ఒకటే. నువ్వు బతికున్నావు. జైల్లో నువ్వు బతకలేవురా, నిన్ను నేనెరుగుదును.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నీ చీటీ మెత్తనాయన చేతికి చిక్కిన రెండో రోజునే ఇద్దరు మా ఆఫీసుకు వచ్చారు. మామూలు చొక్కాల్లో వచ్చారు. చీటీ బల్ల మీద పరిచి, ఇది ఏ మిషను మీద టైపు చేశారని అడిగారు. మా లాయరుగారు, పాతికేళ్లుగా కోర్టులో గర్జించే మనిషి, చీటీ వైపు చూసి, నా వైపు చూసి, "నాకు తెలియదు, అది మా ఆఫీసుది కాదు" అన్నారు. వాళ్లు వెళ్లాక నన్ను కొన్నాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు. నీకు చెబితే బెదిరిపోతావని పైన ఆఫీసు అని పెట్టి, పని ఎక్కువగా ఉందని అబద్ధం రాశాను. అప్పటినుంచీ ఎదురింటి గోడ దగ్గర ఎవరో ఒకరు ఉంటున్నారు. మీ బావ పగలు కూడా తలుపు గడియ తియ్యనివ్వడం లేదు. నవ్వాను కదా ఆయన్ని చూసి, ఇప్పుడు ఆ గడియ పడిందో లేదో నేనే రెండుసార్లు చూస్తున్నాను.

బల్ల ముందు కూర్చుని హక్కులు టైపు చెయ్యడం తేలిక. వంతెన మీద నిలబడింది నువ్వు. నిన్నందులోకి తోసింది నేను. ఇంక చాలు. పెట్టెయ్.

అక్క


లాడ్జి
ఆదివారం

అక్కా,

పెట్టాను. సోమవారమే. నీ ఉత్తరం జేబులో ఉంచుకుని వెళ్లాను. ఆయన సొంత పెన్ను ఇచ్చాడు, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. నా కార్డు తిరిగిచ్చాడు. భుజం తట్టాడు.

మర్నాడు బక్కాయన భార్య లాడ్జికి వచ్చింది. మెట్ల దగ్గరే నిలబడింది. "కార్డు పెట్టకుండా దిగాడని రాశారంట, నిజమేనా బాబూ?" అంది. నిజమే అన్నాను. "ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా అలా దిగలేదే, ఆ రోజు ఏమొచ్చింది?" అంది. తెలియదన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపి వెళ్లిపోయింది. ఆయన నా వేళ్లు పట్టుకుని బోల్టు బిగించడం నేర్పాడక్కా. నేను మనిషినేనా?

ఇప్పుడు వంతెన మీద నన్నెవరూ ఆపరు. వరస పక్కనుంచి పొమ్మని చేత్తో చూపిస్తారు. వరసలో ఉన్నవాళ్లు నన్ను చూస్తారు. లాడ్జిలో వంటవాడు నా పళ్లెం పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోతున్నాడు.

నిన్న మెత్తనాయన కబురు పెట్టాడు. తెల్లకాగితం ఒకటి ఇచ్చాడు. చీటీ ఎవరెవరు రాసుకున్నారో పేర్లన్నీ వరసగా రాసి గురువారానికి తెమ్మన్నాడు. "మొదటి వరసలో టైపు చేసినావిడ పేరు ఉండాలి, మిగతావి నీ ఇష్టం బాబూ" అన్నాడు. రాయనని అనలేకపోయాను. ఆలోచిస్తాను సార్ అన్నాను. ఆ కాగితం ఇప్పుడు ఈ ఉత్తరం పక్కనే ఉంది. నన్ను చూస్తే నాకే భయం వేస్తోంది. ఈసారి ఏం చెబుతావో చెప్పు, నాకు బుర్ర పనిచెయ్యడం లేదు.

నీ తమ్ముడు


బక్కాయన ఇంటి నుంచి
బుధవారం మధ్యాహ్నం

నా చిన్నోడా,

ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావు కదా. పొద్దున బండి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాను. నీ లాడ్జి మీదుగానే వచ్చాను గానీ ఆగలేదు, నిన్ను చూస్తే ధైర్యం జారిపోతుందని.

ఆ కాగితం మీద ఏమీ రాయకు. రాసే తీరాలంటే నా పేరు ఒక్కటే రాయి. వంటవాడిది వద్దు, ఇస్త్రీ అతనిది వద్దు. నాది మాత్రం వాళ్లకు ఎలాగూ తెలుసు.

నువ్వు చింపెయ్యమన్న ఉత్తరం నేను చింపలేదు. ఇవాళ దాన్ని బక్కాయన భార్యకు చదివి వినిపించాను. ఆమె చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చుంది. నేను చదువుతున్నంతసేపూ కుడుతూనే ఉంది, తల ఎత్తలేదు. తరవాత చూసుకుంటే గుండీలన్నీ తప్పు వైపు ఉన్నాయి, అన్నీ విప్పి మళ్లీ కుట్టుకుంది. మెత్తనాయన సంగతి విన్నది, సూపర్‌వైజరు సంగతి విన్నది, నువ్వు పరుగెత్తిన సంగతీ విన్నది. నువ్వు సంతకం నా మాట మీదే పెట్టావని కూడా చెప్పాను. ఆ పాపం నాది, నీ నెత్తిన వెయ్యను. బక్కాయనకు ఇక ఏదైనా ఒకటే అని రాశాను నేను. ఆ మాట రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది ఈ ఇంట్లో కూర్చుంటే.

రేపు పొద్దున ఆమె మేజిస్ట్రేటు దగ్గరకు వెళుతుంది. ఉత్తరం ఆమెకిచ్చేశాను. అది నీకు కూడా ముప్పే, నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చినందుకు నన్ను తిట్టు, తరవాత ఎంతసేపైనా పడతాను. నేను ఆమె వెంట వెళుతున్నాను.

అంతా విన్నాక ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "అరిచాడా?" అంది. నీ ఉత్తరంలో మోటారు చప్పుడు ఉంది, అది లేదు. నాకు తెలియదమ్మా అన్నాను. మా తమ్ముడికి తెలుసు, వాడొచ్చి చెబుతాడు అన్నాను. ఏది నిజమైతే అది వచ్చి చెప్పు. ఆమెకు అబద్ధం ఒకటి చాలు.

సందు చివర జీపు ఉంది. నేను వచ్చినప్పటి నుంచీ కదల్లేదు. దాని పక్కనుంచే నువ్వు రావాలి. నిన్ను ఒంటరిగా రమ్మనను. ఈ ఉత్తరం తెచ్చిన అమ్మాయి బక్కాయన కూతురు. నువ్వు చదవడం అయ్యేదాకా నీ గుమ్మంలో నిలబడమన్నాను. ఆ పిల్లను ఒంటరిగా తిరిగి పంపకు.

అక్క